గృహనిర్వహణము: ఆఱిపోవు కావలిదీపము

ఎమ్మిగనూరునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము ఈ నెల నా ముందున్నది. వారి స్నానపుగదిలోని గ్యాసుగీజరు పాతది. బళ్లారిలో ఇల్లు ఖాళీచేసి పోవుచు బంధువు లిచ్చిపోఁగా తెచ్చి తగిలించుకొన్నారఁట. క్రొత్తరకపు గీజరులవలె కొళాయి విప్పినంతనే టకటకమని నిప్పురవ్వ పుట్టునది కాదు. లోపల నొక చిన్నదీపము ఎల్లప్పుడును వెలుగుచుండి, నీరు పాఱినప్పుడు పెద్దమంటను ముట్టించునట్టిది. ఆ చిన్నదీపము మాటిమాటికి ఆఱిపోవుచున్నది. "పగలంతయు బాగుగనే వెలుగును. తెల్లవాఱుజామున పిల్లలకు నీళ్లు పోయునప్పుడే, అదియు రెండవబిడ్డ స్నానము నడుమనే పోవును. మెకానిక్కును పిలిచితిమి. ఆ దీపమునకు కాపలాకాయు తీఁగ యొకటి యున్నదఁట. అదియే గ్యాసును కట్టివేయుచున్నదఁట. దానిని తప్పించి, గ్యాసు ఎప్పుడును వచ్చుచుండునట్లు కట్టెద ననుచున్నాఁడు. కట్టించుకొనవచ్చునా?" అని ప్రశ్న. ఉత్తరము చివర, ప్రశ్నతో సంబంధము లేనట్లు, మఱియొక వాక్యము కలదు. చలి మొదలైన నాఁటినుండి పెద్దపాపకు స్నానమైన వెంటనే తలనొప్పి వచ్చుచున్నదనియు, రెండుమాఱులు వాంతి యైనదనియు, పైత్యమని జీలకఱ్ఱకషాయ మిచ్చుచున్నామనియు.

కట్టించుకొనరాదు. పత్రిక అచ్చగువఱకు ఆఁగఁదగిన సంగతి కాదు గనుక ఉత్తరము చదివిన గడియలోనే ఫోనుచేసి చెప్పితిని. కాని కారణము తెలియని నిషేధము నాలుగుదినములకంటె నిలువదు. ఇట్టి పాతగీజరులు మా ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఇంకను కొందఱి యిండ్లలో నున్నవి. అందుచేత కొంచెము విపులముగా వ్రాయుచున్నాను.

పాతగీజరులో రెండు మంటలుండును. ఒకటి పెద్దబర్నరు, కొళాయి విప్పినప్పుడు మాత్రమే మండి, రాగిగొట్టములలోఁ బాఱు నీటిని కాఁచును. రెండవది చిటికెనవ్రేలి గోరంత దీపము. దీనిని పైలట్ లైటందురు. మన మిచ్చట కావలిదీప మందము. దేవునియెదుట నిలుపు అఖండమువలె ఇది రేయింబవళ్లు వెలుగవలెను. (దీప మాఱిన దనరాదు, కొండెక్కిన దనవలెనని మా అత్తగారి నియమము. గీజరు విషయమున ఆ నియమము నేను పాటింపలేను. ఇచ్చట ఆఱుట ఆఱుటయే.)

ఈ కావలిదీపమునకు మఱియొక కావలి కలదు. మంటలో కొన మునిఁగియుండునట్లు ఒక లోహపుమొన నమర్చియుందురు. దీని పేరు థర్మోకపుల్. రెండు వేర్వేఱు లోహముల నతికి, ఆ యతుకును కాఁచినయెడల దాపుననున్న అయస్కాంతపుసూది కదలుచున్నదని 1821లో సీబెక్ అను జర్మను శాస్త్రజ్ఞుఁడు గమనించెను. వేఁడిమివలన విద్యుత్తు పుట్టుచుండుటయే దానికిఁ గారణమని పిదపఁ దేలినది. ఆ విద్యుత్తు ఏపాటిదో చెప్పెదను. టార్చిసెల్లు ఒకటిన్నర వోల్టు లిచ్చును గదా. ఈ మొన యిచ్చునది అందులో సుమారు ఏఁబదవవంతు. ఆ కొంచెమే ఒక బుల్లి విద్యుదయస్కాంతమునకు బలమిచ్చి, గ్యాసువాల్వు మూఁతను తెఱచి పట్టియుంచును. దీప మాఱెనా, మొన చల్లారును; అయస్కాంతము పట్టు విడుచును; మూఁత టక్కుమని పడి గ్యాసు కట్టువడును. ఇదంతయు సుమారొక నిముసములో జరుగును. వెలిగించునప్పుడు నాబును అదిమిపట్టి ముప్పది లెక్కించువఱకు విడువరాదనుటయు ఇందుకే. మొన వేఁడెక్కువఱకు అయస్కాంతము చేయవలసిన పనిని మన వ్రేలు చేయుచుండును.

ఆ మెకానిక్కు తప్పించెద ననుచున్నది ఈ రెండవ కావలినే. దానిని తప్పించిన పిదప దీప మాఱినను గ్యాసు ఆఁగదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. పొగవలె పైకిఁ బోవక నీటివలె క్రిందికి దిగి, గచ్చుమీఁద పఱచుకొని, తూమునొద్దఁ గూడుకొనును. అటుపిమ్మట ఎవ్వరో వచ్చి అగ్గిపుల్ల గీచిననాఁడు ఏమగునో వ్రాయ నక్కఱలేదు. కుక్క మొఱుగుచున్నదని దాని నోరు కట్టి నిద్రించువాని తెలివి ఇది.

ఇఁక దీపమేల ఆఱును? కారణము లనేకములు. ఎప్పుడు, ఏతీరున ఆఱుచున్నదో చూచినచో సగము తెలిసిపోవును.

అసలు వెలుగకున్నచో మొదట గ్యాసు వచ్చుచున్నదో లేదో చూడవలెను. సిలిండరు మార్చిన దినమున గొట్టములో గాలి చేరియుండును. నాబును మఱికొంతసేపు అదిమిపట్టిన సరిపోవును. సిలిండరు అడుగంటినప్పుడు వంటపొయ్యి మండినను గీజరు మండదు. ఏలయన పెద్దబర్నరు ఐదాఱు వంటపొయ్యిలంత గ్యాసును ఒక్కమాఱుగా పీల్చును. సిలిండరు వెలుపల చెమట పట్టి చల్లనగుట మీలో ననేకులు చూచియే యుందురు. గ్యాసు వడివడిగా ఆవిరి యగునప్పుడు సిలిండరు వేఁడిమినే లాగుకొనును, ఒత్తిడి తగ్గును. దానికి వేఁడినీళ్లు పోయుట, ఎండలోఁ బెట్టుట, పొరలించుట కూడని పనులు.

నాబు పట్టియున్నంతసేపు వెలిఁగి, వదలినంతనే ఆఱినచో లోపము థర్మోకపుల్‌దే యని నూటికి తొంబదిపాళ్లు నమ్మవచ్చును. మొనకు మసి పట్టియుండవచ్చును. స్థానము తప్పి మంట దానిని తాఁకకుండవచ్చును. వాల్వువద్ద దాని మరలు వదులై యుండవచ్చును. లేక దాని కాలము చెల్లియుండవచ్చును. ఇది మార్చఁదగిన వస్తువు. గీజరంతటితోఁ బోల్చినచో వెల స్వల్పము. తీసివేయక, క్రొత్తది వేయుమని అడుగవలెను.

దీపము నీలముగా నిలువక, పచ్చగా, సోలిపోవుచు మండినచో దానికి గాలి పీల్చుకొను రంధ్రమో, గ్యాసు వచ్చు సన్నని జెట్టో మూసికొనిపోయినది. మా సీమలో ఇది యెక్కువ. ఆదవాని ప్రత్తి, ఎమ్మిగనూరు మగ్గములు: గాలిలో నూగునకుఁ గొదవ లేదు. దానికిఁ దోడు సాలీఁడు. గ్యాసుగొట్టముల నోళ్లలో గూడు కట్టుట దానికిఁ బరిపాటి. నేఁతవారి యూర అది మాత్రము ఊరకుండునా! ఇచ్చట నొక హెచ్చరిక. కిరసనాయిలు పంపుస్టవ్వును పిన్నుతో పొడిచి బాగుచేసికొన్న చేతులు మనవి. ఆ యలవాటున దీని జెట్టును పిన్నుతోఁ బొడువరాదు. రంధ్రము వెండ్రుకవాసి పెద్దదైనను గ్యాసు హెచ్చి, మంట మసిబాఱి, పూర్వముకంటె చెడును. జెట్టును ఊడఁదీసి కడిగి, గాలితో ఊఁదింపవలెను, అదియు తెలిసినవానిచేత.

కావలిదీపము చక్కఁగ వెలుగుచు, పెద్దబర్నరు మాత్రమే అంటుకొనకున్నచో తప్పు దీపముది కాదు, నీటిది. పెద్దమంటకు గ్యాసు విడుచునది నీటియొత్తిడియే. మిద్దెమీఁది తొట్టి ఎత్తు చాలకున్నను, మా బోరునీళ్ల సున్నము పేరుకొని జల్లెడ పూడినను అది అంటుకొనదు.

ఎమ్మిగనూరు సోదరి చెప్పినది ఇందేదియుఁ గాదు. పగలు తలుపు తెఱచియున్నంతసేపు దీపమునకు కొఱఁత లేదు. తలుపు బిగించి, నీళ్లు పోసికొనుచున్నప్పుడే, అదియు మొదటిబిడ్డ వంతు గడచి రెండవబిడ్డ వంతు నడుమనే అది ఆఱుచున్నది. నేను ఫోనులో నడిగినది ఒక్కటే ప్రశ్న: ఆ గదికి కిటికీ యున్నదా? ఉన్నదఁట. చలిగాలి కొట్టుచున్నదనియు, ఆ గాలికే దీప మాఱుచున్నదేమో యనియు గోనెపట్ట కట్టినారఁట.

గాలి తగులని చోటి దీపము చలింపదని, యోగి మనస్సునకు దానిని పోలికగా గీతలో చెప్పిరి. అచ్చట లేనిది గాలిపాటు. గాలియే లేనిచోట ఏ దీపమును బ్రదుకదు. కుండక్రింద మూసిన ప్రమిద యేమగునో బిడ్డలకుఁ గూడఁ దెలియును. ఆ స్నానపుగది యట్టి కుండ.

లెక్క వేసి చూతము. ఐదడుగుల వెడల్పు, ఆఱడుగుల పొడవు, ఎనిమిదడుగుల యెత్తు గల గదిలో 240 ఘనపుటడుగుల గాలి పట్టును. నిముసమునకు ఆఱులీటర్ల నీటిని కాఁచు గీజరు పది నిముసములు మండుటకు సుమారు 70 ఘనపుటడుగుల గాలి కావలెను. అనఁగా తలుపు, కిటికీ బిగించిన గదిలో పది నిముసములలో నాలుగవపాలుకు మించిన గాలిలోని ఆక్సిజనును అది తినివేయును. మొదటిబిడ్డ స్నానము పది నిముసములు. రెండవబిడ్డను నిలువఁబెట్టునప్పటికి గదిలోనున్నది ఎంగిలిగాలి. ఎంగిలిగాలిలో మంట సరిగా మండదు. సరిగా మండని గ్యాసు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును పుట్టించును. ఆఱిపోవు ఆ కావలిదీపము చెప్పుచున్నది ఇదియే. దానిని చెడినదని మెకానిక్కుకుఁ జూపినారు గాని, ఆ యింట సరిగాఁ బనిచేయుచున్నది అదియొక్కటియే.

ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు, కంటిమంట లేదు. వంటగ్యాసుకు గుర్తుపట్టుటకని దుర్వాసన కలుపుదురు, దీనికి కలుపువారెవరు? ఊపిరితోఁ బోయి రక్తములోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతోఁ బట్టుకొనును. ఆక్సిజనునకు చోటు విడువదు. మొదట తలనొప్పి, పిమ్మట కన్నులు తిరుగుట, వాంతి, కాళ్లు చచ్చుపడుట. ఏమో యగుచున్నదని తెలియునప్పటికి గడియ తీయుటకు చేయి లేవదు. పిల్లలు మనకంటె వడిగా ఊపిరి తీయుదురు గనుక వారికే ముందు తగులును. గర్భిణి యైనచో కడుపులోని బిడ్డకు మఱింత హాని. స్నానమైన వెంటనే వచ్చి, అంగటిలోనో బడిలోనో గంట తిరిగినంతనే తగ్గిపోవు తలనొప్పి పైత్యము కాదు. స్నానపుగదిలో సొమ్మసిలినవారిని చూచి మనవారు గాలి సోఁకిన దందురు. సోఁకకపోవుటయే ఆ జబ్బు.

కరోనానాఁటినుండి అనేకుల యిండ్లలో వ్రేలికిఁ దగిలించు ఆక్సీమీటరున్నది. దానిని నమ్ముకొని కూర్చుండరాదు. ఈ విషము పట్టిన రక్తమును అది ఆక్సిజను గల రక్తముగానే చదివి, తొంబదియెనిమిదని చూపి మోసగించును. తలుపులు తెఱచి, గ్యాసు కట్టి, మనిషిని బయటిగాలిలోనికిఁ దెచ్చి, 108కు ఫోనుచేయవలెను. బయటిగాలిలో రక్తములోని విషము సగమగుటకు నాలుగైదు గంటలు పట్టును. వైద్యశాలలో శుద్ధమైన ఆక్సిజను పట్టినచో గంట గంటన్నరలో నగును. నిమ్మరసము, ఉల్లిపాయ, తాయెత్తు వీనితోఁ బోవు ప్రతి నిముసము నష్టమే.

ఇది మన కొత్తగా వచ్చిన చిక్కు కాదు. గీజరును 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అను రంగులపనివాఁడు చేసెను. ఐస్‌లాండులో భూమినుండి చిమ్ము వేఁడినీటి యూటపేరు దానికిఁ బెట్టెను. ఆ మొదటి గీజరునకు పొగగొట్టమే లేదు! ఫ్రెంచి నవలాకారుఁడు ఎమిలీ జోలా 1902 సెప్టెంబరులో ఒక రాత్రి పారిసులోని తన యింట పడకగదిలో కుంపటిమంట వేసికొని నిద్రించి, పొగగొట్టము మూసికొనిపోయినందున ఈ వాయువువలననే మరణించెను. ప్రక్కనున్న భార్య బ్రదికెను. ఇంగ్లండు బొగ్గుగనులలో ఈ విషమును కనిపెట్టుటకు చిన్న కెనరీపిట్టలను పంజరములో తీసికొనిపోవుచుండిరి. పిట్ట తూలినచో మనుష్యులు బయటికిఁ బరుగిడుదురు. 1986లోఁ గాని ఆ యాచారము పోలేదు. ఆ దేశమున 1998 నాఁటి నిబంధనలలో, గదిలోని గాలిని వాడుకొను గ్యాసు పరికరమును స్నానపుగదిలో బిగింపనే కూడదని శాసించిరి. మన యిండ్లలో ఆ కావలిదీపమే పిట్ట. పిట్ట తూలినదని దాని రెక్కలు కట్టి నిలువఁబెట్టువాఁడు కలఁడా?

గీజరు లేనివా రిచ్చటితో పుట త్రిప్పకుందురుగాక. బాలింతగదికి తలుపులు, కిటికీలు మూసి, మంచము క్రింద బొగ్గులకుంపటి పెట్టుట ఇంకను పోలేదు. తల్లికి నడుము కాఁగవలెను, బిడ్డకు చలి తగులరాదు, సాంబ్రాణి ధూపము నిలువవలెను అందురు. పొగలేని యెఱ్ఱనినిప్పు మంచిదని దానినే కోరుదురు. పొగ లేదు గాని ఆ యెఱ్ఱనిబొగ్గులనుండి వచ్చునది ఈ వాయువే. పదునొకండుదినముల పసికందు ఎంత యూపిరి తీయును? ఆచారము విడువుమని నేను చెప్పలేదు. బొగ్గులను వాకిట బాగుగ రాజవేసి, ధూపము పట్టినంతసేపే లోనికిఁ దెచ్చి, ఎదురెదురు తలుపులు తెఱచి, నిద్రపట్టుటకు ముందే కుంపటిని బయటఁ బెట్టవలెను. ఇందుకు పెద్దలెవ్వరు అడ్డుచెప్పినను, వారి యమ్మమ్మలనాఁటి పూరియిండ్లలో చూరుక్రింద గాలి యాడు సందు లున్నవనియు, నేఁటి సిమెంటుగదిలో అవి లేవనియు మెల్లఁగాఁ జెప్పి చూడుఁడు. మా యింట ఆ మాట పనిచేసినది.

ఎమ్మిగనూరు గీజరు సంగతికి వత్తము. చేయవలసినది సులభమే. దానిని గదిలోనుండి తీసి, గోడకు వెలుపల, పెరటివైపున, చూరుక్రింద బిగించి, వేఁడినీటిగొట్టమును మాత్రమే లోనికిఁ దేవలెను. పూర్వము నీళ్లకాఁగును, హండాను, రాగిబాయిలరును పెరటిలోనే పెట్టినవారు తెలివితక్కువవారు కారు. వెలుపల గాలివాటు ఎక్కువైనచో ప్రక్కలకు రేకుమఱుగు పెట్టవచ్చును. పైన, క్రింద మాత్రము మూయరాదు. సిలిండరు నిలువుగా, బయటనే యుండవలెను. రబ్బరుగొట్టము గోడలోఁ దూర్పరాదు, ఐదేండ్లకొకమాఱు మార్చవలెను. గీజరు పైభాగమున, గోడకు మసి కనఁబడినచో ఆనాఁడే ఆర్పి, రెక్కలు శుభ్రము చేయింపవలెను. గిన్నెలకు మసి పట్టిన పొయ్యిని మనము ఒకదినమైన సహింపము గదా. వెలిగింపఁబోఁగా అంటుకొననిచో వెంటనే రెండవపుల్ల గీయక, నాబు కట్టి, ఐదు నిముసములు గాలి యాడనీయవలెను. గ్యాసువాసన వచ్చినచో అగ్గిపుల్లయు కూడదు, విద్యుద్దీపపు స్విచ్చియు కూడదు. సిలిండరు కట్టి, బయటికి వచ్చి 1906కు ఫోనుచేయవలెను. అది వంటగ్యాసు ప్రమాదములకై రేయింబవళ్లుండు సంఖ్య.

వెలుపలికి మార్చువఱకు నీళ్లను బకెట్లలో పట్టుకొని, గీజరు కట్టి, ఆ పిమ్మట బిడ్డలను లోనికిఁ బిలువవలెను. గోనెపట్ట నేఁడే తీసివేయవలెను. ఆ సోదరి దానిని ఫోను చెవినుండఁగనే తీసినది. గోనె చిరుఁగు చప్పుడు నాకు వినఁబడినది. పెద్దపాపను వైద్యునకుఁ జూపి, గీజరు సంగతి చెప్పి మఱి యడుగుమంటిని. చెప్పనిచో ఆయనయు పైత్యమే యనవచ్చును.

మా యురుకుందలో శ్రావణమాసము వచ్చినచో ఈరన్నస్వామి దర్శనమునకు వచ్చు బంధువులతో ప్రతియిల్లు నిండును. కాలువలో మునిఁగివచ్చువారికి ఈ చింత లేదు. ఇంట నీళ్లు పోసికొనువారు మాత్రము ఒకరివెంట నొకరు, తలుపు చల్లారకుండ పోవుచుందురు. పదిమంది స్నానములకు ఒక్కగది. గాలి మారుటకు సందే యుండదు. గీజరు లోపల నున్నయెడల ఒక్కొక్కరి తరువాత దానిని కట్టి, పావుగంట తలుపు, కిటికీ బార్లా తీసియుంచవలెను. వంతులకై తొందరపడువారు కొంచెము గొణుగుదురు, గొణుగనిండు.

క్రొత్తది కొనఁదలఁచినవారికి ఒక్కమాట. నేఁటి గీజరులలో పలువానికి కావలిదీపము లేదు. బ్యాటరీతో రవ్వ పుట్టును. కావలి మారినదే గాని అది తిను గాలి తగ్గలేదు గనుక, అదియు గోడకు వెలుపలనే యుండవలెను. అది అంటుకొనకున్నచో మెకానిక్కును పిలుచుటకు ముందు బ్యాటరీలు చూడుఁడు. పెద్దటార్చిలో వేయు రకమువి రెండు, పెట్టె అడుగున చిన్నయఱలో నుండును. చెమ్మకు వాని కొనలు త్రుప్పుపట్టును. పొడిగుడ్డతో తుడిచి, శ్రావణమునకు ముందొకమాఱు క్రొత్తవి వేసిన, పండుగ లన్నియు గడచును.